అయిదో దీపం

పది గంటల అయిదు నిమిషాలకు డిటెక్టివ్ లాకప్ ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన గడువు పదకొండున్నర. ఆ టైముకి డిటెక్టివ్ బావ వచ్చి ఫిర్యాదు కాగితం మీద సంతకం పెడతాడు. దాంతో ఊచల వెనకున్న ముసలాయన మీద కేసు ఖాయం. నిర్లక్ష్యంగా కారు ఇంజను బెల్టు బిగించి నిండు ప్రాణం తీశాడని.

పోయిన ప్రాణం డిటెక్టివ్ సొంత అక్కది. బళ్ళో లెక్కల పంతులమ్మ. గురువారం పొద్దున్న తన పాత కారులో కోర్టుకి బయలుదేరింది. తండ్రి పెట్టిన పిండి మరని ఇప్పుడు ఆమె భర్త, ఈ బావే, నడుపుతున్నాడు. అందులో ఒక కూలీ చెయ్యి బెల్టులో పడి నలిగిపోయింది. ఆ కేసులో తను చూసింది చెప్పడానికి పదిన్నరకల్లా అక్కడ ఉండాలి. ఏం చెప్పబోతోందో తమ్ముడికి కూడా చెప్పలేదు. ఏడూ యాభై రెండుకి, కొండ దిగే రోడ్డు మలుపులో, స్టీరింగు తిరగక కారు గోడను గుద్దేసింది.

ఇవాళ సోమవారం. ఇంతవరకూ డిటెక్టివ్ కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. బావ గుండెలు బాదుకుని ఏడ్చాడు. అక్క ఎదురింటి రిటైర్డు రైల్వే స్టేషన్ మాస్టరు సైతం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇతనికి మాత్రం పళ్ళ డాక్టరు సూది వేసిన దవడలా ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. పెడితే తింటున్నాడు, పడుకోమంటే పడుకుంటున్నాడు. ఏడుపు రాకపోవడం కూడా ఒక జబ్బేమోనని అతనికే అనుమానంగా ఉంది.

"మంగళవారం కారు నీ దగ్గరికి ఎందుకొచ్చింది మేస్త్రీ?"

ముసలాయన్ని అందరూ చెవి మేస్త్రీ అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని రోగం చెప్పేస్తాడు. ఈ నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయాడు.

"కూత బాబూ. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే కీచుమంటోంది, కాసేపటికి తగ్గుతోంది అన్నారు అమ్మగారు. బెల్టు మీద నీళ్ళు చల్లాను. కూత బెల్టుదైతే నీళ్ళు పడగానే పెరగనన్నా పెరగాలి, తగ్గనన్నా తగ్గాలి. ఇది మారలేదు. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. పుల్లీ బేరింగు ఇసక నములుతోంది."

"బెల్టు మార్చావా?"

"బాగున్న బెల్టుని ఎందుకు మారుస్తాను? ఊడదీసి, బేరింగు వేసి, అదే మళ్ళీ ఎక్కించాను. కూత పోయింది."

"బెల్టు మీద బాణం?"

"ఎనిమిది నెలల కిందట, కొత్తది వేసినరోజే గీశాను. తెల్ల పెయింటు. బెల్టు ఎటు పరుగెడితే అటు చూస్తుంది బాణం. వాడిన బెల్టు ఒక దిక్కుకి అలవాటు పడిపోతుంది బాబూ. తిరగేసి ఎక్కిస్తే మొదటి నిమిషం నుంచే వీధి లేపుతుంది."

"తిరగేసి ఎక్కించావనే అంటున్నారు."

మేస్త్రీ తన చేతుల వంక చూసుకున్నాడు. "ఫోటో చూపించారు. బాణం తిరగేసే ఉంది. సరిగ్గానే ఎక్కించానని నా మనసు చెబుతోంది. కానీ అరవై ఎనిమిదేళ్ళు. రోజుకి నలుగురు వచ్చి నువ్వే చంపావంటుంటే, ఏమో, నేనేనేమో అనిపిస్తోంది."

నల్లమేకని నలుగురు కుక్కంటే మోసేవాడు దింపేసి పోయాడట. ఈయనా దింపేసేటట్టే ఉన్నాడు. డిటెక్టివ్ జేబులోంచి మేస్త్రీ కొట్టు చీటీ తీశాడు. 'దీపాలు: అయిదు' అని ఉంది. కింద అక్క సంతకం, గుండ్రంగా, హోంవర్కు దిద్దినట్టు.

"ఇదేంటి?"

"నా దగ్గర ఆనవాయితీ. తాళం సగం తిప్పితే మీటరు బోర్డు మీద అయిదు దీపాలూ వెలగాలి. బ్యాటరీ, నూనె, బ్రేకు, వేడి, ఇంజను. ఇంజను అందుకోగానే అయిదూ ఆరిపోవాలి. ఓనరు చేత లెక్కపెట్టించి గానీ బండి వదలను. వెలిగిన దీపాన్ని చూసి అందరూ భయపడతారు బాబూ. వెలగని దీపాన్ని చూసి ఎవడూ భయపడడు. ముందు భయపడాల్సింది దానికే. అమ్మగారికి ఆ మాట తెగ నచ్చింది. రోజూ లెక్కపెడతానన్నారు."

ఊచల దగ్గరికి జరిగాడు. "ఒక్కటి చెప్పండి బాబూ. ఆ రోజు పొద్దున్న అమ్మగారు లెక్కపెట్టారా? పెట్టి, తేడా కనిపిస్తే అలా వెళ్ళిపోయేవారు కాదు. మరి మరిచిపోయారా?"

డిటెక్టివ్ సెల్‌ఫోను జేబులోనే ఉంది. అందులో గురువారం ఏడూ పన్నెండుకి వచ్చిన కాల్ ఉంది. నలభై సెకన్లు. ఆ నలభై సెకన్ల సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

"కనుక్కుంటాను" అని లేచాడు.

స్టేషను వెనక పెరట్లో కారు రేకుల షెడ్డు కింద ఉంది. ఎడమవైపు ముందు భాగం నుజ్జు. కుడివైపు, పుల్లీలు ఉండే పక్క, గీత పడలేదు. ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని బానెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు డిటెక్టివ్ కిందే పని నేర్చుకున్నవాడు. నేర్పినాయన ఉద్యోగం వదిలేసి బయట పడ్డాక, నేర్చుకున్నాయన కుర్చీ ఎక్కాడు. అప్పటి నుంచి 'గురువుగారూ' అని పిలుస్తాడు గానీ ఆ పిలుపులో గౌరవం కన్నా గుచ్చుడే ఎక్కువ.

"గురువుగారూ, పది ముప్ఫై అయింది. కొండని తవ్వడం ఇంకా అవలేదా?"

"ఎలుక తోక దొరికింది. ఫోటో ఇవ్వు."

ఇన్‌స్పెక్టర్ ఫోటో బానెట్టు మీద పెట్టాడు. ఎనిమిదీ ముప్ఫై అయిదుకి ప్రమాద స్థలంలో తీసింది. బెల్టు తెగలేదు. పై పుల్లీల మీద నుంచి జారిపోయి, కింద ఇంజను పెద్ద పుల్లీకి వేలాడుతోంది. తెల్ల బాణం స్పష్టంగా కనిపిస్తోంది.

"ఈ కారుకి ఒకటే బెల్టు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "డైనమో, నీళ్ళ పంపు, స్టీరింగుకి సాయం చేసే పంపు, మూడూ దాని మీదే. బెల్టు జారింది, స్టీరింగు బండరాయి అయింది. అక్కగారు తిప్పలేకపోయారు. బిగించే బోల్టు వదులుగా ఉంది, బాణం తిరగేసి ఉంది. ముసలి కళ్ళు, ముసలి చేతులు. ఇందులో డిటెక్టివ్‌కి పనేముంది?"

డిటెక్టివ్ ఒక చిన్న నోటుబుక్కు తీశాడు. స్టేషన్ మాస్టరుది. ముప్ఫై ఏళ్ళు రైళ్ళ టైములు రాసిన చెయ్యి ఊరుకోక, రిటైరయ్యాక వీధిలో బళ్ళ టైములు రాస్తోంది.

"చదువు."

ఇన్‌స్పెక్టర్ చదివాడు. "బుధవారం. పంతులమ్మ కారు. ఎనిమిదీ పదిహేను, బయటికి, నిశ్శబ్దం. అయిదూ నలభై, లోపలికి, నిశ్శబ్దం. గురువారం. ఏడూ ఇరవై, బయటికి, కూత, భరించలేనంత." బుక్కు మూసేశాడు. "పాత బళ్ళు ఒకరోజు అరవవు, ఒకరోజు అరుస్తాయి. మా ఆవిడా అంతే."

"తిరగేసిన బెల్టు మొదటి నిమిషం నుంచే అరుస్తుంది. బుధవారం రోజంతా నోరెత్తలేదు. అంటే బుధవారం అయిదూ నలభై దాకా బాణం సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఎవరో బోల్టు వదులు చేశారు. బెల్టు ఊడి కింద పడింది. తీసి ఎక్కించారు, తిరగేసి."

"మరి ఆ ఎవరినో మన స్టేషన్ మాస్టరు రాయలేదే?"

"ఆరు నుంచి ఏడు దాకా ఆయన నడకకి పోతాడు. మా అక్క అదే టైములో మేడ మీద పిల్లలకి ట్యూషను చెబుతుంది. ఈ రెండూ తెలిసినవాడు."

ఇన్‌స్పెక్టర్ నవ్వు కొంచెం తగ్గింది. డిటెక్టివ్ చెయ్యి చాచాడు. "తాళం."

సీటు మీద గాజు పెంకులు చేత్తో తుడిచి కూర్చున్నాడు. అక్క పొట్టిది, సీటు బాగా ముందుకి ఉంది. మోకాళ్ళు తగిలాయి. ఇక్కడ కూర్చుంటే ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని వచ్చేటప్పుడు భయపడ్డాడు. ఏమీ అనిపించలేదు. తాళం సగం తిప్పాడు.

నూనె. బ్రేకు. వేడి. ఇంజను.

"నాలుగు" అన్నాడు. "బ్యాటరీ దీపం లేదు. బెల్టు జారి డైనమో ఆగగానే ముందు వెలగాల్సింది అదే. అది వెలిగుంటే మలుపు రాకముందే ఆపేది."

మీటరు బోర్డుకి ఉన్న రెండు స్క్రూలు విప్పి, బోర్డు ముందుకి లాగి, వెనకవైపు టార్చి వేశాడు. అయిదు హోల్డర్లూ ఉన్నాయి, ఒకదాంట్లో బల్బు లేదు. ఇన్‌స్పెక్టర్ కూడా తల దూర్చాడు.

"గుద్దినప్పుడు బల్బు ఎగిరిపోయి ఉంటుంది" అన్నాడు.

"హోల్డరు మెలితిప్పి బిగించే ఉంది చూడు. గుద్దితే హోల్డరుతో సహా పోవాలి. హోల్డరు ఉండి, లోపల బల్బు ఒక్కటే పోయిందంటే ఒక చెయ్యి తీసి, మళ్ళీ బిగించింది."

"ఆ చెయ్యి మేస్త్రీది ఎందుకు కాకూడదు?"

"చీటీలో అయిదని ఉంది."

"మేస్త్రీ చీటీ! మీ అక్కగారు మొహమాటానికి చూడకుండా సంతకం పెట్టారేమో. మంగళవారం నుంచీ నాలుగే వెలుగుతున్నాయేమో. బల్బు బుధవారం పోయిందని మీరంటారు, మంగళవారమే లేదని నేనంటాను. మాస్టరు కూతలు రాశాడు గానీ దీపాలు రాయలేదు కదా!" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "నిన్నటిదాకా అయిదు వెలిగాయి, ఇవాళ నాలుగే వెలిగాయి అని గురువారం పొద్దున్న ఆవిడ నోట విన్న మనిషిని ఒక్కణ్ణి తీసుకురండి. లాకప్ తలుపు నా చేత్తో నేనే తీస్తాను."

పది యాభై అయింది. షెడ్డు రేకు ఎండకి టిక్కుటిక్కుమంటోంది. డిటెక్టివ్ కారులోంచి దిగి, తలుపు నెమ్మదిగా మూశాడు. అది సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి మూశాడు.

"రాసుకో" అన్నాడు.

"ఏం రాసుకోమంటారు?"

"సాక్షిని. గురువారం, ఏడూ పన్నెండు. అక్క నాకు ఫోన్ చేసింది. నిద్రలో ఎత్తాను. 'తమ్ముడూ, నిన్నటిదాకా అయిదు దీపాలు వెలిగాయిరా, ఇవాళ నాలుగే. బ్యాటరీ బొమ్మ వెలగలేదు. ఊరికే స్టార్ట్ చేసి చూస్తే కీచుమని అరుస్తోంది కూడా. మేస్త్రీ కొట్టు తొమ్మిదికి గానీ తియ్యడు. వెళ్ళనా, ఆగనా?' అంది."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. "మీరేమన్నారు?"

"'ఎర్ర దీపం వెలిగితే భయం గానీ వెలగకపోతే భయమేంటక్కా? జబ్బు లేనట్టేగా. వెళ్ళు' అన్నాను."

ఎక్కడో ఫోను మోగి ఆగిపోయింది. ఆ మాట బయటికి చెబితే ఏదో విరిగిపోతుందని నాలుగు రోజులుగా డిటెక్టివ్ భయం. చెప్పేశాడు. ఏదీ విరగలేదు. దానికే అతనికి ఇంకా ఎక్కువ భయం వేసింది.

"నవ్వింది" అన్నాడు మళ్ళీ. "'నీకు దీపాలైనా దొంగలైనా ఒకటేరా, కనిపిస్తేనే లెక్క' అంది. పెట్టేసింది. అది కూడా రాసుకో."

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. ఈసారి గురువుగారూ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కానిస్టేబుల్ని కేకేసి, మేస్త్రీని బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"సరే. తిరగేసి ఎక్కించింది మేస్త్రీ కాదు. తెలియనివాడు అయితే బాణాన్ని పట్టించుకోడు, ఎటు పడితే అటు తగిలిస్తాడు. ఎవడైనా కావచ్చు. ఎక్కడ వెతకను?"

డిటెక్టివ్ ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఇందాకటి నుంచి అది పదిసార్లు చూశాడు, బాణం తిరగేసి ఉందని మాత్రమే చూశాడు. ఇప్పుడు బాణం ఎటు చూస్తోందో చూశాడు. ఇంజను పెద్ద పుల్లీ వైపు, సూటిగా. అంటే అటూ ఇటూ చూడకుండా తగిలించినవాడు కాకపోవచ్చు, బాణం వెతుక్కుని తనకి తెలిసిన పద్ధతిలో ఎక్కించినవాడు కావచ్చు.

మరలో బెల్టు మార్చిన ప్రతిసారీ నాన్న సుద్దముక్కతో బాణం గీసేవాడు. బలం ఎక్కణ్ణుంచి వస్తుందో బాణం అటు చూడాలి అనేవాడు. పై వరస మీద, మోటారు వైపు. మిగతా లోకమంతా బెల్టు పోయే దిక్కు గీస్తే, ఆయన వచ్చే దిక్కు గీసేవాడు. ఎందుకని ఎదురడిగితే సుద్దముక్క నెత్తిన పడేది. ఆ మరలో ఆ పద్ధతిలో బెల్టు ఎక్కించడం నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు. ఒకడు చెయ్యి పోగొట్టుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. ఒకడు ఇక్కడ ఫోటో పట్టుకుని నిలబడ్డాడు.

"వెతకక్కర్లేదు" అన్నాడు. "పదకొండున్నరకి వస్తాడు."

బావ అయిదు నిమిషాలు ముందే వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిలో టీ ఫ్లాస్కు. "ఏమన్నా తిన్నావురా? మొహం చూసుకున్నావా?" అంటూ మూతలో టీ పోసి బావమరిది చేతికిచ్చాడు. అందులో నటన లేదు. పదిహేనేళ్ళుగా అతనంతే. డిటెక్టివ్ ఆ టీ తాగాడు. వేడిగా ఉందని నాలిక చెప్పింది, అంతే.

"సంతకం ఎక్కడ?" అన్నాడు బావ. గోడవార బల్ల మీద ఉన్న మేస్త్రీని చూసి మొహం తిప్పుకున్నాడు.

"పెడుదువుగాని. ముందు ఒక చిన్న పని. ఈ బెల్టు ఎక్కించు బావా. ఎలా జారిందో ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. నాకు ఈమధ్య చేతులు స్వాధీనంలో లేవు."

ఇన్‌స్పెక్టర్ అందించిన కవరులోంచి బావ బెల్టు తీశాడు. మాటలు ఎన్నైనా దాచుకోవచ్చు గానీ, చేతులకి అలవాటైన పని దాచుకోవడం కష్టం. బెల్టుని వేళ్ళ మధ్య తిప్పుతూ బాణం వెతికాడు. దొరికింది. బానెట్టు కిందికి వంగి, కింది పుల్లీకి తగిలించి, పై వాటి మీదుగా లాగి, బొటనవేలితో నొక్కి చూశాడు. ముప్పావు నిమిషం కూడా పట్టలేదు. బాణం పెద్ద పుల్లీ వైపు చూస్తోంది.

"తిరగేశారండీ" అంది గోడవార నుంచి ఒక గొంతు. చెవి మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "బాణం పోయే దిక్కు. వచ్చే దిక్కు కాదు."

ఇన్‌స్పెక్టర్ ఫోటోని బెల్టు పక్కన పెట్టాడు. రెండూ ఒకటే.

బావ నడుము ఎత్తకుండా అలాగే ఉండిపోయాడు. మొదట ఫోటోని, తర్వాత బావమరిదిని చూశాడు.

"నాన్న అలాగే చెప్పేవాడు కదా బావా" అన్నాడు డిటెక్టివ్. "బాణం మోటారు వైపు చూడాలని."

బావ కారు అంచు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"ఆగిపోతుందనుకున్నానురా. కొండ ఎక్కేలోపే వేడెక్కి ఆగిపోతుంది, కోర్టు టైము దాటిపోతుంది, అంతే అనుకున్నాను. మరలో బెల్టు మీది రేకు మూత నేనే తీయించానని కోర్టులో చెప్పేస్తానంది. బుధవారం సాయంత్రం, బళ్ళోంచి వచ్చి చెప్పులన్నా విడవకుండా. కాళ్ళు పట్టుకున్నాను. 'వాడి చెయ్యి మళ్ళీ వస్తుందా?' అంది. కొండ ఎక్కినంతసేపూ బెల్టు పట్టుకుని, దిగేటప్పుడు జారుతుందని నాకేం తెలుసు?"

"దీపం ఎందుకు తీశావు?"

"వెలిగితే వెనక్కి తిప్పుకొచ్చేసేది. నీకు ఫోన్ చేసేది. నీ బండిలో వెళ్ళిపోయేది." చొక్కా జేబులో వేళ్ళు పెట్టి, మడిచిన కాగితం తీసి విప్పాడు. అందులో జొన్నగింజంత బల్బు. "సాయంత్రం ఇంటికొచ్చాక మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. చొక్కా మార్చినప్పుడల్లా జేబు మారుస్తున్నాను. పారెయ్యడానికి చేతులు రావట్లేదు."

ఇన్‌స్పెక్టర్ బల్బు తీసుకుని, కారులోకి వంగి, హోల్డరులో పెట్టి మెలితిప్పాడు. తాళం సగం తిప్పాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని మేస్త్రీ అలవాటు కొద్దీ పైకే లెక్కపెట్టాడు. "అయిదు." తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగాడు. ముసలాయనకి తను బయటపడ్డానన్న సంతోషం కన్నా ఆ ఒక్క ప్రశ్నే ఎక్కువైనట్టుంది. "కనుక్కుంటానన్నారు బాబూ. అమ్మగారు ఆ రోజు లెక్కపెట్టారా?"

"పెట్టింది మేస్త్రీ. నువ్వు చెప్పినట్టే పెట్టింది. నాలుగే ఉన్నాయని నాకు ఫోన్ చేసింది."

కింద కూర్చున్న మనిషి చటుక్కున తలెత్తాడు. "నీకు చేసిందా? బయలుదేరకముందే?" పాక్కుంటూ వచ్చి బావమరిది చొక్కా అంచు పట్టుకున్నాడు. "మరి నువ్వేమన్నావురా?"

డిటెక్టివ్ చేతిలో టీ మూత ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ముక్కు పక్క నుంచి ఏదో వెచ్చగా జారి పెదవి మీద పడితే, అదేమిటో అతనికి వెంటనే తెలియలేదు.

"వెళ్ళమన్నాను బావా."